విండోస్ 7 సిస్టం ఇమేజ్ కొత్త విండోస్ 11 సిస్టంలో ఎక్కడం లేదు, పదకొండేళ్ల పని అందులోనే ఉంది

గడియారం సెంటర్ డీటీపీ:

అందరికీ నమస్కారం. నల్లగొండలో నాది చిన్న డీటీపీ షాపు. పెళ్లి కార్డులు, గృహప్రవేశం కార్డులు, దశదినకర్మ కార్డులు, బిల్‌బుక్కులు, కరపత్రాలు చేస్తాను, చెరువుగట్టు జాతర వచ్చిందంటే ఆ పది రోజులు పోస్టర్ల పనే ఉంటుంది. పదకొండేళ్లుగా ఒకటే సిస్టం మీద నడిపించాను. జీ41 బోర్డు, 2 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 7 32 బిట్, అందులో పేజ్‌మేకర్ 7, కోరల్‌డ్రా, అను ఫాంట్లు. మొన్న దసరాకు ఆయుధపూజ రోజు సిస్టంకు బొట్టు పెట్టి, పని బంద్ ఉంది కదా అని మా మేనల్లుడు చెబితే కంట్రోల్ ప్యానెల్‌లో బ్యాకప్ తెరిచి 1 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్ మీదికి సిస్టం ఇమేజ్, అంటే విండోస్‌తో సహా డిస్కుకు నకలు, తీసి పెట్టాను. ఆ ఒక్క పని చేసినందుకే ఇప్పుడు కొంచెం ధైర్యంగా ఉన్నాను, లేకపోతే ఏమయ్యేదో.

పోయిన వారం హార్డ్ డిస్క్ టక్ టక్ అని చప్పుడు మొదలుపెట్టి, రెండో రోజుకు బూట్ డివైస్ లేదు అని నల్ల స్క్రీన్ వచ్చింది. రిపేరుకు తీసుకుపోతే ఇంత పాత దానికి పైసలు పెట్టడం దండగ, కొత్తది తీసుకో అన్నారు, తీసుకున్నాను. 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎన్‌వీఎంఈ (కొత్త రకం వేగమైన డిస్కు), విండోస్ 11. కొత్త ఫోన్ కొంటే పాత ఫోన్‌లోని నంబర్లు, ఫొటోలు అన్నీ దిగినట్టు నా పాత సిస్టం మొత్తం ఇందులో దిగుతుందని అనుకున్నాను. విండోస్ 11 కంట్రోల్ ప్యానెల్‌లో బ్యాకప్ అండ్ రిస్టోర్ పక్కన విండోస్ 7 అని కూడా రాసి ఉంది, అది చూసి ఇంకా నమ్మకం కుదిరింది.

రికవరీలోకి పోయి సిస్టం ఇమేజ్ రికవరీ నొక్కితే మొదట అసలు ఇమేజే కనబడలేదు అంది. నేనే ఆ విండోస్ఇమేజ్‌బ్యాకప్ ఫోల్డర్‌ను పాత సిస్టం అనే ఇంకో ఫోల్డర్‌లో పెట్టి ఉన్నాను, బయటికి తీశాక దసరా తేదీ చూపించింది. నెక్స్ట్ నెక్స్ట్ కొట్టుకుంటూ పోతే చివరికి, ఈ ఇమేజ్ బయోస్ ఉన్న కంప్యూటర్‌లో తీసింది, ఈ కంప్యూటర్ ఈఎఫ్ఐ, ఫర్మ్‌వేర్ (ఆన్ చేయగానే ముందు నడిచే బోర్డులోని ప్రోగ్రాం) వేరు కాబట్టి రిస్టోర్ కుదరదు అని ఆగిపోయింది. తెలిసినాయన లెగసీ మోడ్‌లో, అంటే పాత బయోస్ పద్ధతిలో పెట్టుకోమంటే ఈ కొత్త బోర్డులో ఆ ఆప్షనే లేదు. ఇంకొకరు విండోస్ 7 సీడీ పెట్టి ఇన్‌స్టాల్ చేయమన్నారు, చేయబోతే మొదటి స్క్రీన్ దగ్గరే కీబోర్డు, మౌస్ రెండూ పనిచేయలేదు.

నకిరేకల్ పార్టీ ఒకరు వచ్చి కూర్చున్నారు. నాలుగేళ్ల కింద వాళ్ల పెద్దమ్మాయి పెళ్లి కార్డు నేనే చేశాను, చిన్నమ్మాయికి అచ్చం అదే కావాలి, పేర్లు ముహూర్తం మారిస్తే చాలు అంటున్నారు. ముహూర్తం ఇంకా తొమ్మిది రోజులే. రాత్రి నిద్ర పట్టడం లేదు. ఆ ఇమేజ్‌లో నా పని అంతా ఉందా, దాన్ని బయటికి తీసే దారి ఏదైనా ఉందా, దయచేసి చెప్పండి.


పాలమూరు హార్డ్‌వేర్:

అన్నా, ముందు టెన్షన్ పడకు. దసరా తేదీ చూపించిందంటే ఆ డిస్కు చదవడానికి వస్తోంది, ఇమేజ్ కూడా కనబడుతోంది, ఇది మంచి మాటే. ఇంక ఆ రికవరీ స్క్రీన్‌లోకి మళ్లీ పోవద్దు. ఫార్మాట్ అండ్ రీపార్టిషన్ అని అక్కడ ఒక టిక్ ఉంటుంది చూశావా, ఒకవేళ ఫర్మ్‌వేర్ అడ్డం రాకపోయి ఉంటే కొత్త సిస్టంలోని విండోస్ 11 మొత్తం తుడిచేసి దాని మీద పాతది రాసేది, తీరా రాశాక అది బూట్ కూడా అయ్యేది కాదు.

ఎందుకు కాదో చెప్తాను, ఇది అర్థమైతే మిగిలింది సులువు. సిస్టం ఇమేజ్ అంటే ఫైళ్ల మూట కాదు, ఆ పాత డిస్కు ఎట్లా ఉందో అట్లా దించిన అచ్చు. అందులోని విండోస్ 7కు తెలిసింది ఆ జీ41 బోర్డు, ఆ డిస్క్ కంట్రోలరే. నీ కొత్త సిస్టంలో ఎన్‌వీఎంఈ ఉంది, దాని డ్రైవరు విండోస్ 7లో పుట్టుకతో లేదు, అందుకని తన డిస్కును తనే చూడలేక బ్లూ స్క్రీన్ ఇస్తుంది. కీబోర్డు మౌస్ సంగతి కూడా అంతే, విండోస్ 7 వచ్చింది 2009లో, దాని సీడీలో యూఎస్‌బీ 3 డ్రైవర్లు ఉండవు, ఇప్పటి బోర్డుల్లో పోర్టులన్నీ యూఎస్‌బీ 3 కంట్రోలర్ మీదనే ఉంటాయి. నువ్వు తప్పు చేసింది ఏమీ లేదు. కంట్రోల్ ప్యానెల్‌లో ఆ పేరు చూసి చాలా మంది ఇట్లాగే అనుకుంటారు, అక్కడ విండోస్ 7 అంటే ఆ బ్యాకప్ పద్ధతి విండోస్ 7 కాలం నాటిది అని మాత్రమే అర్థం.

ఇప్పుడు నీకు రెండు పనులు ఉన్నాయి, రెండింటినీ కలపకు. ఒకటి ఫైళ్లు బయటికి తీయడం, రెండోది పాత సాఫ్ట్‌వేర్ నడిపించడం. మొదటిది ఈ పూటే అవుతుంది.

ఆ ఫోల్డర్ తెరువు, పర్మిషన్ అడిగితే కంటిన్యూ కొట్టు. లోపల నీ పాత కంప్యూటర్ పేరుతో ఒక ఫోల్డర్, దాని లోపల బ్యాకప్ అని తేదీతో ఇంకో ఫోల్డర్, అందులో కొన్ని ఎక్స్ఎంఎల్ ఫైళ్లు, వాటితో పాటు వీహెచ్‌డీ అని చివర ఉండే పెద్ద ఫైళ్లు ఉంటాయి. ఒక్కో డ్రైవ్‌కు ఒక్కో వీహెచ్‌డీ. చిన్నది 100 ఎంబీ లోపు ఉండేది సిస్టం రిజర్వ్‌డ్, పెద్దది సీ డ్రైవ్. నేను భయపడేది ఒకటే ఉంది, దాచకుండా అడుగుతున్నాను. డీటీపీ వాళ్లంతా పని డీ డ్రైవ్‌లో పెడతారు. సిస్టం ఇమేజ్ తీసేటప్పుడు విండోస్ నడవడానికి కావాల్సిన డ్రైవ్‌లకు మాత్రమే అదే టిక్ పెట్టుకుంటుంది, డీకి మనమే పెట్టాలి. నువ్వు పెట్టావా? మూడో వీహెచ్‌డీ ఉందో లేదో చూసి చెప్పు.

ఉంటే ఇట్లా చెయ్యి. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్, డిస్క్ మేనేజ్‌మెంట్, పైన యాక్షన్ మెనూలో అటాచ్ వీహెచ్‌డీ, ఆ ఫైల్ చూపించి కింద రీడ్ ఓన్లీ అనే చోట తప్పకుండా టిక్ పెట్టు. పెట్టకపోతే విండోస్ 11 అందులో తన రాతలు రాస్తుంది, ఉన్నది ఒక్కటే అచ్చు, దాన్ని ముట్టుకోకుండా చూసుకోవాలి. డ్రైవ్ లెటర్ రాకపోతే ఆ పార్టిషన్ మీద రైట్ క్లిక్ చేసి నువ్వే ఇయ్యి. మామూలు డ్రైవ్ లాగా తెరుచుకుంటుంది. ఇంకో మాట, ఆ ఎక్స్‌టర్నల్ డిస్కు మీద ఇప్పుడు కొత్త బ్యాకప్ ఏదీ తీయకు, ఇంకో డిస్కు సంపాదించి ఈ ఫోల్డర్ మొత్తాన్ని ముందు కాపీ చేసుకో.


గడియారం సెంటర్ డీటీపీ:

అన్నా, చదవగానే చేతులు వణికాయి, డీకి టిక్ పెట్టానో లేదో నాకే గుర్తు లేదు. ఫోల్డర్ తెరిచి చూస్తే మూడు ఉన్నాయి. చిన్నది ఒకటి, 61 జీబీది ఒకటి, 188 జీబీది ఒకటి. మేనల్లుడికి ఫోన్ చేస్తే, డీకి నేనే టిక్ పెట్టాను మామయ్యా అన్నాడు. వాడికి ఏమిచ్చినా తక్కువే.

నువ్వు చెప్పినట్టే రీడ్ ఓన్లీ పెట్టి అటాచ్ చేశాను. సంవత్సరాల వారీగా ఫోల్డర్లు అన్నీ వరుసగా కనబడ్డాయి, పెళ్లిళ్లు ఒక దిక్కు, బిల్‌బుక్కులు ఒక దిక్కు. నకిరేకల్ వాళ్ల ఫైల్ దొరికింది, కార్డు పైన వేసిన గణపతి బొమ్మ ఫైల్ కూడా పక్కనే ఉంది. అన్నీ కొత్త సిస్టంలోకి కాపీ అవుతున్నాయి, నాలుగు గంటలు చూపిస్తోంది.

రెండు చిక్కులు. సీ డ్రైవ్‌ది అటాచ్ చేస్తే డెస్క్‌టాప్ ఫోల్డర్ తెరవనివ్వడం లేదు, కంటిన్యూ కొట్టినా అనుమతి లేదు అంటోంది. డెస్క్‌టాప్ మీద కూడా కొన్ని సగం పనులు పెట్టి ఉన్నాను. రెండోది, పెళ్లి కార్డు ఫైల్ చేతికి వచ్చింది గానీ దాన్ని తెరిచే పేజ్‌మేకర్ ఇందులో లేదు, పాత సీడీ ఎక్కడ పెట్టానో దొరకడం లేదు.


పాలమూరు హార్డ్‌వేర్:

మేనల్లుడికి మంచి దావత్ ఇయ్యి. డెస్క్‌టాప్ తెరవకపోవడానికి కారణం రీడ్ ఓన్లీయే. కంటిన్యూ కొట్టినప్పుడు విండోస్ నీ పేరును ఆ ఫోల్డర్ పర్మిషన్లలో రాయాలి, రాయనివ్వకుండా మనమే తాళం వేశాం. అందుకని డిటాచ్ చేసి, ఆ 61 జీబీ వీహెచ్‌డీని కొత్త సిస్టంలోకి కాపీ చేసి, ఆ కాపీని రీడ్ ఓన్లీ లేకుండా అటాచ్ చెయ్యి. ఇప్పుడు కంటిన్యూ పనిచేస్తుంది. కాపీ పాడైనా ఏమీ కాదు, అసలుది అట్లాగే ఉంటుంది. అందులోనే విండోస్ ఫోల్డర్ లోపల ఫాంట్స్ ఉంటుంది, అను ఫాంట్లు అక్కడి నుంచి ఒక పెన్‌డ్రైవ్‌లోకి తీసి పెట్టుకో.


మిర్యాలగూడ ఆపరేటర్:

అన్నా, నేను కూడా పద్నాలుగేళ్ల నుంచి డీటీపీ ఆపరేటర్‌నే, రైస్ మిల్లుల బిల్‌బుక్కులు, బస్తాల మీద అచ్చు డిజైన్లు చేస్తుంటాను. మీ పోస్ట్ చదివి ఊరుకోలేక రాస్తున్నాను.

ఫైల్ చేతికి వచ్చింది కదా అని మన పని అయినట్టు కాదు, ఈ సంగతి హార్డ్‌వేర్ వాళ్లకు తెలియదు, మనకు తెలుసు. అను ఫాంట్లలో కొట్టింది యూనికోడ్ తెలుగు కాదు. ఫైల్‌లో నిజంగా ఉండేది ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు మాత్రమే, దాని మీద ఆ ఫాంట్ తొడిగితేనే అది తెలుగులా కనబడుతుంది. ఫాంట్ లేకుండా తెరిస్తే మీ చి.ల.సౌ. స్థానంలో ఏవో పిచ్చి గీతలు వస్తాయి. అచ్చం అదే వెర్షన్ ఫాంట్ కావాలి, 6కు 7 పెడితే కొన్ని ఒత్తులు తారుమారవుతాయి, నాకు ఒకసారి ఇట్లాగే అయి పెళ్లికొడుకు ఇంటిపేరులో ఒత్తు ఎగిరిపోయింది. ప్రూఫ్‌లో వాళ్ల తాతగారు పట్టుకోబట్టి సరిపోయింది, లేకపోతే ఐదు వందల కార్డులు మళ్లీ కొట్టాల్సి వచ్చేది.

పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత ఇంకో వెర్షన్ లేదు. దాని తర్వాత అడోబ్ తెచ్చిన ఇన్‌డిజైన్‌లో తెరుద్దామంటే సీఎస్6 వరకు ఉన్న వెర్షన్లే పేజ్‌మేకర్ ఫైళ్లను తెరుస్తాయి, ఆ తర్వాత వచ్చినవి తెరవవు. తెరిచినా లైన్లు అటు ఇటు జరుగుతాయి, తొమ్మిది రోజుల్లో అదంతా కూర్చుని సర్దలేరు.

అందుకని నేను అడిగేది వేరు. మీ పాత సీపీయూ ఎక్కడుంది? పోయింది హార్డ్ డిస్క్ ఒక్కటే కదా, బోర్డు బాగానే ఉంది కదా. ఆ ఇమేజ్ ఆ బోర్డుదే. దానికి ఒక ఎస్ఎస్‌డీ తగిలించి, ఆ ఇమేజ్ దాని మీదికి ఎక్కిస్తే దసరా రోజు ఎట్లా వదిలిపెట్టారో అట్లా లేచి కూర్చుంటుంది, పేజ్‌మేకర్, అను, మీ కీబోర్డు లేఅవుట్, ప్రింటర్ సెట్టింగ్ అన్నీ అట్లాగే. ఫర్మ్‌వేర్ గొడవ లేదు, డ్రైవర్ల గొడవ లేదు. నేను మూడేళ్ల కింద అదే చేశాను, ఇప్పటికీ పాతది ఒక టేబుల్ మీద, కొత్తది ఒక టేబుల్ మీద నడుస్తున్నాయి.

కాకపోతే రికవరీకి విండోస్ 7 రిపేర్ డిస్కే కావాలి, అది కూడా 32 బిట్‌ది. 64 బిట్ డిస్కుతో బూట్ చేస్తే మీ 32 బిట్ విండోస్‌కు ఇది సరిపడదు అంటుంది. నా దగ్గర ఒకటి తీసి పెట్టి ఉంది, మీరు ఊఁ అంటే పొద్దున ఆర్టీసీ కార్గోలో వేస్తాను, మధ్యాహ్నానికి నల్లగొండ బస్టాండ్‌లో తీసుకోండి.


గడియారం సెంటర్ డీటీపీ:

అక్కా, మీ మెసేజ్ చదివి చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా ఉరికాను. పాత సీపీయూను ఇంటి దగ్గర గోడ పక్కన పెట్టాం, ఇనుప సామాన్ల బండి వస్తే వేసేద్దామని మా ఇంట్లో అనుకున్నారట. దుమ్ము దులిపి షాపుకు తెచ్చాను. డిస్కు పంపండి, మీ మేలు మర్చిపోను.


గడియారం సెంటర్ డీటీపీ:

రిపేర్ డిస్క్ అందింది. ఇక్కడే దొరికిన 480 జీబీ ఎస్ఎస్‌డీ కొన్నాను, పాత హార్డ్ డిస్క్ తీసేసి అదే కేబుల్‌కు తగిలించాను. డిస్కుతో బూట్ అయింది, ఇమేజ్ దొరికింది, ఫర్మ్‌వేర్ మాట రాలేదు, అంతా బాగానే పోతోంది అనుకున్నాను. చివర్లో, సిస్టం డిస్కును రికవర్ చేయడానికి వాడదగిన డిస్కు ఏదీ దొరకలేదు అని ఆగింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అదే. బయోస్‌లో ఎస్ఎస్‌డీ పేరు కనబడుతోంది. ముహూర్తం ఇంకా ఆరు రోజులు.


పాలమూరు హార్డ్‌వేర్:

480 అన్నావు చూడు, అదే. పాతది 500 కదా. ఇమేజ్ తీసినప్పుడు డిస్కు సైజుతో సహా రాసుకుంటుంది, ఎక్కించే డిస్కు దానితో సమానంగానో అంతకంటే పెద్దగానో ఉండాలి. నీ డేటా 250 జీబీనే కదా, 480లో హాయిగా పడుతుంది కదా అని మనకు అనిపిస్తుంది, అది లెక్కలోకి తీసుకోదు. విండోస్‌లో చూస్తే 500ది 465 జీబీ అని, 480ది 447 అని చూపిస్తుంది, ఆ తేడా దగ్గర ఆగింది. పార్టిషన్ చిన్నగా చేద్దామన్నా ఇప్పుడు ఇమేజ్ లోపలి కొలతలు మారవు.

480ని వాపస్ ఇచ్చి 500 లేదా 512 తెచ్చుకో, 512 అయితే అసలు ఆలోచించే పనే లేదు. రిస్టోర్ చేసేటప్పుడు ఎస్ఎస్‌డీ, బ్యాకప్ ఉన్న ఎక్స్‌టర్నల్, ఈ రెండు తప్ప వేరే డిస్కు, పెన్‌డ్రైవ్ ఏదీ తగిలించి ఉంచకు. ఎక్స్‌టర్నల్‌ను ముందు పోర్టులకు కాకుండా వెనక బోర్డు మీది పోర్టుకే పెట్టు, పాత డబ్బాల ముందు పోర్టులకు కరెంటు సరిగా అందదు. ఇప్పుడు ఆ ఫార్మాట్ టిక్ పెట్టినా భయం లేదు, పోయేది ఖాళీ ఎస్ఎస్‌డీయే, బ్యాకప్ ఉన్న డిస్కును అది ముట్టదు. రెండో కాపీ చేసుకున్నావు కదా? చేసుకోకపోతే అది అయ్యాకే ఇది మొదలుపెట్టు.


కల్వకుర్తి ల్యాబ్:

ఆలస్యంగా చూశాను. అందరూ చెప్పింది సరైనదే, ఈ పెళ్లి కార్డు వరకు పాత సీపీయూయే దగ్గరి దారి. కానీ ఆ జీ41 బోర్డుకు కూడా వయసైపోయింది, రేపు అందులో కెపాసిటర్ ఉబ్బినా మళ్లీ ఇదే ఏడుపు. అందుకని పెళ్లి పని అయిపోయాక తీరిగ్గా ఇదే ఇమేజ్‌ను కొత్త సిస్టం లోపలే వర్చువల్ మెషీన్‌లో, అంటే సాఫ్ట్‌వేర్‌తో తయారయ్యే ఉత్తుత్తి కంప్యూటర్‌లో ఎక్కించి పెట్టుకోండి. మా కాలేజీ ల్యాబ్‌లో ఒక పాత ప్రోగ్రాం కోసం నేను ఈ పని చేశాను కాబట్టి ఎక్కడ ఆగుతుందో తెలుసు, అవే రాస్తాను.

వర్చువల్‌బాక్స్ అని ఉచితంగా దొరుకుతుంది. ముందు కొత్త సిస్టం సెటప్‌లో వర్చువలైజేషన్ ఆన్‌లో ఉందో చూసుకోండి. కొత్త మెషీన్ తయారు చేసి విండోస్ 7 32 బిట్ ఎంచుకోండి, ఈఎఫ్ఐ టిక్ పెట్టొద్దు, అప్పుడు అది పాత బయోస్ కంప్యూటర్ లాగానే ప్రవర్తిస్తుంది, మీకు మొదట వచ్చిన అడ్డంకి అక్కడే పోతుంది. డిస్కు 510 జీబీ అని ఇవ్వండి. మీ ఎన్‌వీఎంఈలో అంత ఖాళీ లేదు కదా అని కంగారు పడకండి, డైనమిక్‌గా పెడితే నిజంగా నిండినంత మేరకే జాగా తీసుకుంటుంది, అయినా 250 జీబీ పైన ఖాళీ ఉండేట్టు చూసుకోండి.

అందరూ పడిపోయే చోటు డిస్క్ కంట్రోలర్. వర్చువల్‌బాక్స్ దానంతట అది సాటా ఏహెచ్‌సీఐ (డిస్కును నడిపే కొత్త పద్ధతి) పెడుతుంది. జీ41 బోర్డుల్లో ఉండే ఐసీహెచ్7 చిప్‌లో ఏహెచ్‌సీఐ లేదు, మీ విండోస్ 7 ఐడీఈ అనే పాత పద్ధతి మీద పుట్టి పెరిగింది, ఏహెచ్‌సీఐ డ్రైవరు దానిలో నిద్రపోతూ ఉంటుంది. అట్లాగే బూట్ చేస్తే చివర 7బీ అని నంబరుతో బ్లూ స్క్రీన్ వస్తుంది, ఇమేజ్ పాడైందేమో అనుకుని చాలా మంది అక్కడే వదిలేస్తారు. స్టోరేజ్‌లో ఐడీఈ కంట్రోలర్, పీఐఐఎక్స్4 రకం పెట్టి డిస్కును దానికి తగిలించండి.

ఇమేజ్‌ను లోపలికి అందించడానికి విండోస్ 11 డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే ఒక 300 జీబీ ఖాళీ వీహెచ్‌డీని ఆ 1 టీబీ డిస్కు మీద తయారు చేసి, ఫార్మాట్ చేసి, విండోస్ఇమేజ్‌బ్యాకప్ ఫోల్డర్‌ను ఏ ఫోల్డర్‌లోనూ పెట్టకుండా నేరుగా అందులో వేయండి, పేరు మార్చొద్దు. డిటాచ్ చేసి, దాన్ని రెండో డిస్కుగా మెషీన్‌కు తగిలించి, రిపేర్ డిస్కుతో బూట్ చేసి మామూలుగా రిస్టోర్ చేసుకోవడమే. హార్డ్‌వేర్ మారింది కాబట్టి విండోస్ యాక్టివేషన్ మళ్లీ అడగవచ్చు. ప్రింట్ కోసం లోపలి నుంచి పీడీఎఫ్ తీసి షేర్డ్ ఫోల్డర్‌లో వేస్తే విండోస్ 11 నుంచి కొత్త ప్రింటర్‌కు పంపుకోవచ్చు.


గడియారం సెంటర్ డీటీపీ:

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. 480ని వాపస్ తీసుకున్నారు, తేడా పైసలు కట్టి 512 తెచ్చాను. రెండో కాపీ కూడా మా బావమరిది దగ్గర డిస్కు అడిగి రాత్రంతా పెట్టి చేసుకున్నాకే మొదలుపెట్టాను. పచ్చ గీత నిదానంగా జరుగుతుంటే కుర్చీలోంచి లేవలేదు. అయిపోయాక రీస్టార్ట్ అయి, విండోస్ బొమ్మ వచ్చి, ఆయుధపూజ రోజు తీసిన ఫొటో డెస్క్‌టాప్ మీద కనబడింది, బొట్టు పెట్టిన అదే సీపీయూ, పక్కన నిమ్మకాయ. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

నకిరేకల్ ఫైల్ తెరిచాను, ఒక్క ఒత్తు కూడా కదలలేదు. పేర్లు మార్చి ప్రూఫ్ తీసి పంపాను. పెళ్లికూతురు తండ్రి చూసి, పెద్దదాని కార్డు మళ్లీ చేతిలో పట్టుకున్నట్టు ఉందయ్యా అన్నాడు.

ఒకటి మాత్రం మనసుకు కష్టంగా ఉంది. దసరా తర్వాత చేసిన పనులు ఇందులో లేవు, జాతర పోస్టర్లు, మొన్నటి ముహూర్తాల కార్డులు అన్నీ ఆ చప్పుడు చేసే హార్డ్ డిస్క్‌లోనే ఉండిపోయాయి. దాన్ని ఇంకోసారి తగిలించి చూడనా? ఇంకో సంగతి, సిస్టం ఆన్ చేసినప్పుడల్లా ఎఫ్1 నొక్కమంటోంది, తేదీ 2009 అని చూపిస్తోంది, రిస్టోర్ చేయడంలో ఏమైనా తప్పు జరిగిందా?


మిర్యాలగూడ ఆపరేటర్:

చాలా సంతోషం అన్నా. దసరా తర్వాతి వాటికి ముందు మీ వాట్సాప్ వెతకండి. ప్రతి పార్టీకి ప్రూఫ్ పంపి ఉంటారు కదా, పీడీఎఫ్‌గా పంపినవి దొరికితే మళ్లీ ప్రింట్‌కు పనికొస్తాయి, ఫొటోగా పంపినవైతే చూసి కొట్టుకోవడానికైనా ఉంటాయి. ఫోన్‌లో లేకపోతే పార్టీ వాళ్లనే అడగండి, పెళ్లి కార్డు ప్రూఫ్ ఎవరూ డిలీట్ చేయరు. నా డిస్క్ తొందరేం లేదు, ఒక కాపీ తీసి పెట్టుకుని అప్పుడు పంపండి.


పాలమూరు హార్డ్‌వేర్:

ఆ హార్డ్ డిస్క్‌ను మళ్లీ తగిలించకు అన్నా. టక్ టక్ అంటే లోపల హెడ్ తన చోటు దొరకక కొట్టుకుంటోంది, ఆన్ చేసిన ప్రతిసారీ ప్లేట్ మీద గీత పడే ప్రమాదం ఉంది. గుడ్డలో చుట్టి పక్కన పెట్టు, వాట్సాప్‌లో దొరకనివి నిజంగా విలువైనవి ఉంటే హైదరాబాద్‌లో డేటా రికవరీ వాళ్లకు చూపించు. ఖర్చు బాగానే అవుతుంది, ముందే అడిగి తెలుసుకో.

తేదీ సంగతి రిస్టోర్ తప్పు కాదు. బోర్డు మీద గుండ్రటి బ్యాటరీ అయిపోయింది, సీఆర్2032 అని అడుగు, వాచీల కొట్లో కూడా దొరుకుతుంది. ప్లగ్ పీకి, క్లిప్ పక్కకు నొక్కితే పైకి లేస్తుంది, రాత ఉన్న వైపు పైకి వచ్చేట్టు పెట్టు. తర్వాత బయోస్‌లో తేదీ, టైం సరిచేసి ఎఫ్10 కొట్టి సేవ్ చెయ్యి. ఆ సిస్టంకు మాత్రం నెట్ ఇవ్వకు. విండోస్ 7కు సపోర్టు 2020 జనవరి 14తోనే అయిపోయింది, మెయిల్, వాట్సాప్ అన్నీ కొత్త దాంట్లో చూసుకుని ఫైళ్లు పెన్‌డ్రైవ్‌తో మార్చుకో, పెన్‌డ్రైవ్‌ను కూడా కొత్త దాంట్లో స్కాన్ చేశాకే పాత దానికి పెట్టు.


గడియారం సెంటర్ డీటీపీ:

బ్యాటరీ వేశాను, ఇప్పుడు ఎఫ్1 అడగడం లేదు. వాట్సాప్‌లో ఇప్పటికి ముప్పై ఒక్క ప్రూఫ్‌లు దొరికాయి, అందులో పందొమ్మిది పీడీఎఫ్‌లే. కార్డులు నిన్న రాత్రి అచ్చుకు పోయాయి, పొద్దున నకిరేకల్ వాళ్లు వచ్చి తీసుకుపోతారు. కల్వకుర్తి సార్ చెప్పిన వర్చువల్ మెషీన్ వచ్చే ఆదివారం మేనల్లుడు వచ్చినప్పుడు మొదలుపెడతాం, ఎక్కడైనా ఆగితే ఇక్కడే అడుగుతాను.